తోరణము, సున్నము, పసుపు, ముగ్గు: వసంతాలంకారములలోని విజ్ఞానము

ఫాల్గుణమాసము కడపటి వారమున ఏ తెలుగు పల్లెలోనైనను ఒక వీథి పొడవునను నడచి చూచినచో, ఒక వాకిట సున్నపు తొట్టి పొంగుచుండును, మఱియొక యింట అరుగు అంచున జేగురు పట్టె ఆరుచుండును, వేఱొకచోట మామిడిచెట్టు నెక్కిన కుఱ్ఱవాండ్రు క్రిందనున్నవారికి ఆకు కోసి విసరుచుందురు. మార్చి ఉత్తరార్ధమునగాని ఏప్రిల్ పూర్వార్ధమునగాని వచ్చెడి చైత్ర శుద్ధ పాడ్యమినాటికి, అనగా ఉగాదిపండుగకు, ఆ వీథిలోని ప్రతి గడపయు క్రొత్త వేషము తాల్చును. ఇంత మార్పునకు ఆ గృహస్థులు చేసిన వ్యయ మెంత యని లెక్క వేయబోయినచో, సున్నమునకును పసుపునకును పురికొసకును ఇచ్చిన చిల్లర తప్ప చెప్పుకొనదగినది కనబడదు.

ఈ చౌకదనమునకు కారణము లేమియనియు, పొదుపనియు సాధారణముగా తలంతురు. కాని ఆ పదార్థముల స్వభావమును కొంచెము నిదానించి పరిశీలించినవారికి మఱియొక కారణము తోచును. ఈ యలంకారములలో కష్టమైన పని నంతయు పదార్థములే చేసికొనును: ఆకు తన నీటిని తానే కాపాడుకొనును, సున్నము గాలిని పీల్చి తానే రాయి యగును, పసుపు క్షారము తగిలినంతనే తానే ఎఱ్ఱబడును. మనుష్యుడు చేయవలసినదెల్ల ఆ పని జరుగుటకు తగిన వేళను, తగిన క్రమమును కల్పించుట మాత్రమే. ఆ వేళయు క్రమమును తెలిసిన యింట ఖర్చు తగ్గును. తెలియని యింట అదే సున్నము మూడవనాడు చేతికి అంటును, అదే తోరణము మధ్యాహ్నమునకే వాడి వ్రేలాడును.

తోరణము

మామిడాకు కట్టుట శుభమని పెద్దలు చెప్పుదురు. శుభమునకు మామిడినే ఏల ఎన్నుకొనిరి, పెరటిలోనే యున్న మునగను, గోంగూరను, తోటకూరను ఏల విడిచిరి అని ప్రశ్నించుకొన్నచో, వృక్షశాస్త్ర మొక సమాధానము నీయగలదు. చెట్టున నున్న ఆకు వేళ్ళనుండి వచ్చెడి నీటిని నిరంతరము ఆవిరిగా విడుచుచుండును. ఇంగ్లండు దేశస్థుడగు స్టీఫెన్ హేల్సు, 1727లో ప్రకటించిన తన గ్రంథములో, మూడున్నర యడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండితో సహా ఉదయ సాయంకాలములందు తూచి, పగటి పండ్రెండు గంటలలో అది సగటున 20 ఔన్సుల నీటిని గాలిలోనికి వదలుచున్నదని నిర్ణయించెను. కొమ్మనుండి వేఱుపడిన ఆకునకు ఈ రాబడి నిలిచిపోవును. వ్యయము మాత్రము నిలువదు. ఇక ఆ ఆకు ఎంతకాలము పచ్చగా నిలుచుననునది అది వ్యయమును ఎంత బిగబట్టగలదనుదానిపై ఆధారపడియుండును.

ఆకునుండి నీరు పోవుటకు రెండు త్రోవలున్నవి. మొదటిది పత్రరంధ్రములు, మామిడియందు ఇవి ప్రధానముగా ఆకు అడుగుప్రక్కనే యుండును. నీటి కొఱత తగిలినప్పుడు ఆకులో అబ్సిసిక్ ఆమ్లమను పదార్థము పెరిగి, ఆ రంధ్రములకు కావలికాయు కణములనుండి లవణములను వెలువరింపజేయగా, కణములు ముడుచుకొని ద్వారములు మూతపడును. రెండవ త్రోవ ఆకు పైచర్మమే. దానిమీద మైనముతో కూడిన పలుచని పొర, వృక్షశాస్త్రజ్ఞులు అవభాసిని యనునది, కప్పియుండును. తోటకూరయందు ఈ పొర అతి పలుచనిది. ముదిరిన మామిడాకునందు దళసరిది. నీటిచుక్క ఒకటి ముదురు మామిడాకుపై వేసి వంచినచో, అది పరచుకొనక గుండ్రముగా జాఱిపోవుట కనబడును. బయటి నీటిని లోనికి రానీయని ఆ మైనమే లోని నీటిని బయటికి పోనీయదు.

ఇంతటితో మామిడాకు గుణము ముగియదు. లేతకూర లన్నియు కణములలోని నీటి ఒత్తిడిచేతనే నిలుచును. నీరు తగ్గినంతనే ఒత్తిడి తగ్గి మెత్తబడి వ్రేలాడును. మామిడాకునందు నడిమి యీనెను, దాని కొమ్మలను అంటి గట్టి నారకణములు బలముగా పేర్చబడియుండుటచే, నీరు చాలవఱకు పోయిన పిమ్మటకూడ ఆకృతి చెడదు. కావుననే తోరణము వాడక ఎండును. మొదట నిగనిగలాడు పచ్చదనము, కొన్నాళ్ళకు పత్రహరితమునందలి మెగ్నీషియము తొలగి ఆ చోట ఉదజని చేరుటవలన, బూడిదవన్నె కలసిన గోధుమరంగునకు తిరుగును. ఆకు మాత్రము నిటారుగానే యుండును.

దీనినుండి ఆకు నెన్నుకొనుటకు నియమము లేర్పడుచున్నవి. వసంతమున మామిడి క్రొత్తగా వేయు తామ్రవర్ణపు చిగురు కంటికి ఎంత ఇంపైనను తోరణమునకు పనికిరాదు. ఆంథొసయనినను వర్ణద్రవ్యముచే ఎఱ్ఱనై యున్న ఆ దశలో మైనపుపొరయు నారయు ఇంకను బలపడియుండవు. గత ఋతువునాటి ముదురాకునే, వేకువనే కోయవలెను. రాత్రి రంధ్రములు మూసికొనియుండగా వేళ్ళు పైకి పంపిన నీరు ఆకులో నిండియుండు వేళ అదియే. ఆకు తొడిమవైపు నొకింత భాగమును తాడుమీదుగా వెనుకకు మడిచి, కొబ్బరియీనె పుల్లను మడతకు అడ్డముగా ఒకప్రక్కనుండి గ్రుచ్చి రెండవప్రక్కకు తీయుదురు. పుల్ల నడిమి యీనె క్రిందుగా పోయినచో ఆ యీనెయే బరువును మోయును, ప్రక్కన గ్రుచ్చినచో రెండుదినములలో చీలిక పడును. తాటికి అరటినార చాలును. నారను నీట నానబెట్టి వాడినచో మెత్తబడి ముడికి లొంగును, ఆరిన తరువాత ముడి బిగియును.

తోరణము ప్రాణవాయువును విడిచి యింటిగాలిని శుద్ధిచేయునని తఱచు చెప్పుదురు. కోసిన ఆకు తన రంధ్రములను మూసికొనిన తరువాత బొగ్గుపులుసు వాయువు లోనికి పోదు. అది పోనిదే ప్రాణవాయూత్పత్తి సాగదు. మూసికొనకయున్నను, ద్వారబంధమునకు కట్టిన యిరువదిముప్పది ఆకులు విడుచు వాయువు ఒక మనుష్యుని శ్వాసకైనను ఎన్నదగినది కాదు. తోరణమునకు గౌరవము కలిగించుటకు ఇట్టి లేని మహిమను అంటగట్ట నక్కఱలేదు. నీరులేక అన్ని దినములు నిలుచుటయే దాని మహిమ.

సున్నము

గోడకు పూసెడి సున్నము ఒక ప్రయాణము చేసి మొదటి చోటికే వచ్చును. పల్నాటి సున్నపురాయిగాని, సముద్రతీరమున ఏఱిన గవ్వలు, నత్తగుల్లలుగాని, రసాయనశాస్త్రదృష్టిచే కాల్షియం కార్బొనేటే. దానిని బట్టీలో సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి కాల్చినచో, 100 పాళ్ళ రాతినుండి 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై పోయి 56 పాళ్ళు కాల్చిన సున్నము మిగులును. ఇట్లు పోయిన బరువు ఒక వాయువుదే యని త్రాసుతో నిరూపించినవాడు స్కాట్లండు దేశపు జోసఫ్ బ్లాకు. 1756లో అచ్చయిన ఆయన పరిశోధన ఆధునిక రసాయనశాస్త్రమునకు పునాదులలో నొకటి. సున్నపు తేటలో గొట్టముతో ఊపిరి ఊదినచో పాలవలె తెల్లబడుటను ఆయనయే పరీక్షాసాధనముగా వాడెను. ఆ తెలుపు మఱల ఏర్పడిన సున్నపురాతి పొడియే.

కాల్చిన సున్నముపై నీళ్ళు పోసినప్పుడు బుసలు కొట్టి పొంగుట అందఱు నెఱుగుదురు. 56 పాళ్ళ సున్నము 18 పాళ్ళ నీటితో కలియుటవలన పుట్టిన వేడిమికి మిగిలిన నీరు మఱగును. కావున పిల్లలను దూరముగా నుంచవలెను, కన్నులలో చిట్లకుండ జాగ్రత్తపడవలెను. ఈ తడిసున్నమును వడగట్టి గోడకు పూసిన పిమ్మట అసలైన పని ప్రారంభమగును. గాలియందు పదివేల పాళ్ళలో నాలుగు పాళ్ళకు ఇంచుక మించియున్న బొగ్గుపులుసు వాయువును అది మెల్లమెల్లగా గ్రహించి, తాను పుచ్చుకొన్న నీటిని విడిచి, మఱల సున్నపురాయి యగును. సున్నము కొట్టిన గది కొన్నాళ్ళు చెమ్మగా తోచుటకు పూతలోని నీటితోపాటు ఈ విడుదలైన నీరును కారణమే.

ఈ మార్పునకు తడి యవసరము. వాయువు నీటిలో కరగినగాని సున్నముతో చేరదు. మిట్టమధ్యాహ్నపు టెండలో, పొడిగోడమీద, ఒక్కసారిగా దళసరిపూత వేసినవారి సున్నము రాయి కాకముందే నీరు పోగొట్టుకొని పొడియై మిగులును. ఆనుకొన్నవారి వీపున తెల్లగా అంటుకొనునది అదియే. మొదట గోడను నీటితో తడిపి, ఉదయముగాని సాయంకాలముగాని పలుచగా ఒక పూత వేసి, అది ఆరిన మఱునాడు దానికి అడ్డముగా రెండవ పూత వేసినవారికి అంతే సున్నముతో గట్టి తెలుపు దక్కును. వేసినప్పుడు పూత మసకగా, గోడ కనబడునట్లే యుండును. చూచినవారు చాలలేదనుకొని దట్టింపబోదురు. కాంతి ఒక పదార్థమునుండి మఱియొకదానిలోనికి పోవునప్పుడు రెండింటి వక్రీభవన గుణములకు భేద మెంత యెక్కువయైన అంత యెక్కువగా చెదరును. సున్నపు రేణువుల నడుమ నీరున్నంతకాలము ఆ భేదము తక్కువ. నీరు పోయి గాలి చేరినప్పుడు భేదము హెచ్చి, చెదరిన కాంతి తెలుపై కనబడును. కావున పూత తెల్లదనమును ఆరిన తరువాతనే నిర్ణయింపవలెను. పిదప ఇంచుక పసుపుచాయ మిగిలినచో, తొట్టిలో చిటికెడు నీలిమందు కలుపుదురు. ఆ నీలిమ పసుపుచాయను అణచి కంటికి తెలుపును స్ఫుటము చేయును.

పసుపు, కుంకుమ, జేగురు

దుగ్గిరాలలోను నిజామాబాదులోను క్రొత్త పసుపు అంగడికి వచ్చు కాలమునకే ఉగాదియు వచ్చును. గడపకు పసుపు రాయుట ఋతువునకు సహజమైన అలంకారమైనది. పసుపుకొమ్ము బరువులో నూటికి కొన్ని పాళ్ళు మాత్రమే యుండు కర్కుమిన్ అను ద్రవ్యమే ఆ వన్నెకు మూలము. 1815లో దీనిని మొదట వేఱుచేసిరి. దీని నిర్మాణమును 1910లో నిర్ణయించిరి. ఇది నీటిలో దాదాపు కరగదు. గడపపై మనము పూయునది పసుపురేణువులు తేలెడి నీరు. ఆ రేణువులు కఱ్ఱ గరుకులలో చిక్కుకొని నిలుచును గాని ఎండకు ఓర్వవు. కాంతి తగిలిన కర్కుమిన్ శిథిలమగును. తూర్పుముఖపు గడపకు పసుపు వెలిసినంత త్వరగా లోపలి గడపకు వెలియదు. నెలనెలయు పండుగపండుగకును మఱల రాయుట ఇందుచేతనే ఆచారమైయుండును.

కర్కుమినునకు ఆమ్లక్షారములను చెప్పెడి గుణము కలదు. క్రొత్తగా సున్నము కొట్టిన గోడను గడపపసుపు తాకినచోట, అంచు పొడవునను వ్రేలిమందము ఎఱ్ఱని గీత ఏర్పడుటను ఎవరైనను చూడవచ్చును. హారతికై పళ్ళెములో పసుపునీళ్ళు కలిపి సున్నము వేసినంతనే ఎఱ్ఱనీళ్ళగుట ఈ మార్పే. ఆ నీటిలో నిమ్మపండు పిండినచో మఱల పసుపే కనబడును. కాని ఈ ఎఱుపు చిరకాలము నిలువదు. క్షారము కర్కుమినును క్రమముగా విఱుగగొట్టును. సున్నముకూడ గాలిచేత రాయిగా మాఱి తన క్షారతీవ్రతను కోల్పోవును. ఇంటియందు కుంకుమ చేయువారు పసుపుకొమ్ములకు నిమ్మరసముతోపాటు వెలిగారమును, పటికను చేర్చుట ఈ లోపమును తీర్చుటకే. వెలిగారమునందలి బోరాన్, ఆమ్లపు సమక్షమున కర్కుమినుతో గట్టిగా బంధించుకొని, నిమ్మరసమునకు చెదరని ఎఱుపు నిచ్చును. సీసముతో చేసిన సింధూరము ఇట్టిది కాదు. అది విషము, పిల్లలు తిరుగాడు గడపకు తగదు.

ఈ వన్నెలన్నిటికంటె మొండిది జేగురు. అరుగు అంచున ఆ మన్ను ఇచ్చెడి ఎఱుపు ఇనుము ప్రాణవాయువుతో సంపూర్ణముగా కూడినదాని వర్ణము. ఇనుమునకు గాలితో చేయవలసిన పని ఇక మిగులలేదు గనుక, ఎండయు గాలియు దానిని మార్చజాలవు. అజంతా గుహలలోని ఎఱుపునకు ఇట్టి మన్నులే ఆధారములు. వాన మాత్రము దానిని కడిగివేయును. అది రంగు లోపము కాదు, అంటు లోపము. గంజినీటితో కలిపి పూసినచో ఈ లోపము కొంత తీరును.

గుడ్డతోరణములు కట్టగోరువారికి తెలంగాణపు అడవులు, తూర్పుకనుమల వాలులు ఫాల్గుణములో ఉచితముగా రంగు నిచ్చును. మోదుగచెట్టు ఆకు రాల్చి, కొమ్మలనిండ నిప్పువన్నె పూలు పూచు కాలమది. చెట్టెక్క నక్కఱలేకుండ రాలిన పూలనే ఏఱి నీట మఱగించినచో నారింజచాయగల పసుపుద్రవము వచ్చును. పాతధోవతిని అందులో ఊరక ముంచినచో రంగు ఉతుకునకు పోవును; ముందుగా పటికనీటిలో నానబెట్టినచో, పటికలోని అల్యూమినియము ఒకవైపు నూలును, మఱియొకవైపు రంగును పట్టుకొని నడుమ సంధానమై నిలుచును. ఆ గుడ్డను త్రికోణములుగా కత్తిరించి పురికొసకు కుట్టినచో, అంగడి రంగుకాగితములతో పని లేదు.

ముగ్గు

కళ్ళాపి చల్లిన వాకిటిపై ముగ్గు వేయుటలో రెండు శాస్త్రములు కలియుచున్నవి. ఒకటి పదార్థమునకు సంబంధించినది. పేడనీరు ఆరబోవు నేలను ముదురువన్నెకు తెచ్చి ధూళిని అణచును. అందలి జీర్ణముకాని గడ్డినారలు మట్టిని కూడబట్టును. ఆ నేలపై చూపుడువ్రేలు బొటనవ్రేలు నడుమనుండి జాఱిన పొడి, గోడపై సున్నమునకు చెప్పిన న్యాయముననే, రేణువుల నడుమ గాలి యున్నంతవఱకు తెల్లగా మెఱయును. నేల మరీ తడిగా నున్నచో నీరు పొడిలోనికి ఎక్కి గీత మసకబాఱును. కావున కళ్ళాపి ఇంకిపోయి చెమ్మ మాత్రము మిగిలిన వేళ ముగ్గునకు తగినది. బియ్యపుపిండి రేణువులు అతిసూక్ష్మములు. అవి ఒకదానికొకటి అంటి ముద్దకట్టును. ముగ్గురాతి పొడి గరుకైనది, ధారగా జాఱును. పిండి చీమలకు ఆహారమగును, రాతిపొడి కాదు. రెండింటిని కలిపి వాడు గృహిణులు ధారను, తెలుపును, దానమును ఒక్కసారిగా సాధించుచున్నారు.

రెండవది గణితము. ‘పదునైదు చుక్కలు, సందుచుక్క, ఎనిమిది వచ్చువఱకు’ అని ఆడవారు ఒకరికొకరు చెప్పుకొను సూత్రమును పరిశీలింతము. నడుమ 15 చుక్కల వరుస; దానికి రెండువైపులను, రెండేసి చుక్కల సందున ఒక్కొక్కటి పెట్టుచు 14, 13, 12 అని తగ్గించి 8 వద్ద ఆపుదురు. ఇట్లేర్పడినది ప్రతి భుజమున 8 చుక్కలుగల షడ్భుజి. మొత్తము 169 చుక్కలు. దీనిని నడిమిచుక్క చుట్టు 60 డిగ్రీలు త్రిప్పినను రూపము మాఱదు. చుక్కకు చుక్క ఎదురుగా పెట్టెడి నేరుచుక్కలలో 9తో ప్రారంభించి రెండేసి తగ్గించుచు 1 వఱకు పోయినచో 41 చుక్కల వజ్రాకృతి వచ్చును. అది 90 డిగ్రీలకే తన రూపమును మఱల పొందును. ఆఱురేకుల పువ్వు సందుచుక్కలకు, నాలుగు రేకులది నేరుచుక్కలకు సులభముగా ఒదుగుటకు హేతువిదియే.

మెలికముగ్గులో చేయి ఎత్తకుండ చుక్కలన్నిటిని చుట్టి మొదటిచోటికి రావలెనన్న నియమము, 1736లో గణితజ్ఞుడగు ఆయిలరు కోనిగ్స్‌బర్గు పట్టణపు ఏడు వంతెనలను ఒక్కొక్కమాఱే దాటుటనుగూర్చి విచారించిన సమస్యకు చుట్టము. ఒక్క గీతగా తిరిగి వచ్చుటకు, గీతలు కలియు ప్రతి కూడలియందును వచ్చు త్రోవలు, పోవు త్రోవలు జోడుజోడుగా నుండవలెనని ఆయన నిరూపించెను. మెలికముగ్గులో గీతలు కూడినచోటనెల్ల నాలుగు త్రోవలే యుండును గనుక ఆ నియమము తనంతట నెఱవేఱును. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరోమణి ప్రభృతులు 1974లో తమిళుల కోలములను గణకశాస్త్రపు భాషావ్యాకరణములతో వర్ణించి, వాకిటిముగ్గును శాస్త్రపత్రికల కెక్కించిరి.

పనుల క్రమము

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి పండుగపనులకు ఒక వరుస దానంతట ఏర్పడును. సున్నము రాయి యగుటకు వ్యవధి కావలెను గనుక అది అన్నిటికంటె ముందు, కనీసము వారము దినములకు పూర్వమే, చల్లని వేళల జరుగవలెను. మోదుగరంగు గుడ్డలు అదే వారమున నీడలో ఆరవలెను. గోడ గట్టిపడిన పిదప జేగురు పట్టె తీర్పవలెను. ముందుగా తీర్చినచో సున్నపుకుంచె దానిపై చిందును. పసుపు, గోడ క్షారము తగ్గిన తరువాత, పండుగకు ముందునాటి సాయంకాలము గడప కెక్కవలెను. కుంకుమ బొట్లు ఆ పసుపు ఆరిన మీద. ఆకు పండుగనాటి వేకువను, ముగ్గు కళ్ళాపి ఇంకిన వెంటనే. ఎక్కువకాలము నిలుచునది ముందు, తక్కువకాలము నిలుచునది వెనుక. ఈ ఒక్క సూత్రమును పాటించినవారికి పని మఱల చేయవలసిన యవసరముండదు, మఱల కొనవలసిన యవసరమును ఉండదు.

అంగడిలో దొరకు ప్లాస్టికు తోరణము ఈ వరుసలో ఎచ్చటను ఇముడదు. అది వాడదు, నిజమే. కాని ఎండకు వెలిసి, ధూళి పట్టి, వచ్చు ఉగాదికి పాతదిగానే కనబడును. మామిడాకును తీసి పెంటలో వేసినచో ఎరువగును, ముగ్గు చీమకు పోవును, సున్నముపై మఱల సున్నమే పడును. ఏటికేడు క్రొత్తగా చేయవలసిన పండుగకు ఏటికేడు క్రొత్తగా దొరకెడి సామగ్రియే చౌక. ఇక గడప దాటి వంటయింటికి పోయినచో, వేపపువ్వు చేదునకును మామిడిపిందె పులుపునకును ఇట్టి కారణములే కలవు. వానిని వచ్చు అధ్యాయమున విచారింతము.